మూడో చరణంలో ఘాటు

సీఐ జయరావు చెడ్డవాడు కాదు. కేసు త్వరగా తెమిలిపోవాలనుకునే మనిషి, అంతే. ఆ రోజు సాయంత్రంలోగా ఫిలిప్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతామని నాతో చెప్పినప్పుడు ఆయన ముఖం పెళ్లి భోజనానికి బయల్దేరినవాడి ముఖంలా వెలిగిపోతోంది. అప్పటికింకా మధ్యాహ్నం దాటలేదు. నా దగ్గరున్న వ్యవధి ఆ కాస్తే.

కేసు చూడ్డానికి చిన్నదే. సత్తెనపల్లి శివార్లలోని మిర్చి కోల్డ్ స్టోరేజీ పోయిన మంగళవారం మధ్యాహ్నం తగలబడింది. నిప్పు రెండో గదిలో, లోపలినుంచి పుట్టింది. తాళం పగల్లేదు. ఆ గదికి తాళంచెవులు రెండు. ఒకటి హైదరాబాదులో ఉండే యజమాని బీరువాలో ఉంది, రెండోది గుమాస్తా ఫిలిప్ జేబులో ఉంది. వాచ్‌మన్ గురునాథం మంటలార్పబోయి ఒళ్లు కాల్చుకుని గుంటూరు ఆసుపత్రిలో పడ్డాడు. అతనికేమైనా అయితే ఇది హత్య కేసవుతుంది. జయరావు మిగతా లెక్క వేసుకున్నాడు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే నేరం వాడిది.

ఫిలిప్ చెప్పేది ఒకటే మాట. భోజనం కాగానే బెన్నీ ఇంటికి వెళ్లాననీ, ఈస్టర్ ఆల్బమ్‌లో తన పాట రికార్డు చేయించుకుంటూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాననీ. బెన్నీ ఊళ్లో ఇంటి ముందుగదిని స్టూడియోగా మార్చుకున్న కుర్రాడు. ఫిలిప్‌కి ప్రాణస్నేహితుడు కూడా. జయరావు అతని సాక్ష్యాన్ని పూచికపుల్లలా తీసి పక్కన పెట్టింది అందుకే.

స్టేషన్లో ఫిలిప్‌తో మాట్లాడటానికి నాకు కొద్దిసేపే ఇచ్చారు. పాతికేళ్ల పిల్లాడు, రాత్రంతా నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పాడు. ఏ పాట, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్నిసార్లు పాడించాడు, మధ్యలో టీ తాగారా లేదా. చివర్లో ఒకటి అడిగాను.

"తాళంచెవి ఆ రోజు ఎవరికైనా ఇచ్చావా?"

"లేదు మేడమ్," అన్నాడు. అనేముందు ఒక్క క్షణం తన పాదాల వంక చూసుకున్నాడు.

నేను ఇన్సూరెన్సు సర్వేయరుగా పనిచేసిన రోజుల్లో ఇలా పాదాలు చూసుకునేవాళ్లని చాలామందిని చూశాను. తమకోసం అబద్ధమాడేవాళ్లు మన కళ్లలోకి చూస్తారు. ఇంకొకరికోసం ఆడేవాళ్లు కిందకి చూస్తారు. గట్టిగా అడుగుదామనుకునేలోపు కానిస్టేబులు టైమైపోయిందన్నాడు. నాకు ఒళ్లు మండింది కానీ బయటికి రాక తప్పలేదు.

బయట ఫిలిప్ అక్క రెబ్కా నిలబడి ఉంది. ప్రైమరీ స్కూలు టీచరు. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. పక్కనే జక్రయ్యగారు. చర్చిలో సంఘపెద్ద, కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు, ఫిలిప్‌కి ఉద్యోగం ఇప్పించిన మనిషి. గుంటూరులో నా డిటెక్టివ్ ఆఫీసు వెతుక్కుంటూ రెబ్కాని తన కారులో తీసుకొచ్చిందీ ఆయనే. పెద్ద గొంతు, మెత్తని మాట. ఆ రోజు ఫిలిప్ పాడుతున్నంతసేపూ తాను బెన్నీ వరండాలోనే కూర్చున్నాననీ, వాడు పాడటం అయిపోగానే లోపలికెళ్లి అదే పాటకి కోరస్ పాడాననీ ఆయన సాక్ష్యమిచ్చాడు. సంఘమంతా కూడబలుక్కున్నారని జయరావు దాన్నీ కొట్టిపారేశాడు.

"బెన్నీ స్టూడియోకి వెళ్తున్నాను. మీరూ రండి," అన్నాను జయరావుతో.

"పాటలు వినడానికా మేడమ్ గారూ?"

"అవును. మీకు కాస్త సంగీతజ్ఞానం వస్తే స్టేషన్‌కే మంచిది."

ఆయనకి నవ్వొచ్చింది. వచ్చాడు.

* * *

బెన్నీ స్టూడియో అంటే ఒక కంప్యూటరు, ఒక మైకు, ఒక కీబోర్డు, బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడల నిండా పత్తి కుక్కిన గోనెసంచులు. కిటికీ మీద పాత బొంత వేలాడుతోంది. రికార్డింగప్పుడు ఫ్యాను కూడా ఆపేస్తాడట, దాని చప్పుడు మైకులో పడుతుందని. జక్రయ్యగారు లోపల ఉక్కగా ఉంటుందని వరండాలోనే కూర్చున్నాడు. రెబ్కా మాత్రం నా వెనకే వచ్చి తలుపు పక్కన నిలబడింది.

జయరావు తన వాదన అప్పుడే మొదలుపెట్టాడు. పాట ముందెప్పుడో రికార్డు చేసి పెట్టుకున్నారు, నేరం జరిగిన రోజు చేసినట్టు చెప్తున్నారు. కావాలంటే కంప్యూటర్లో తారీఖు చూడండి. చూశాను. ఫైలు మీద పదిహేనేళ్ల కిందటి తారీఖుంది. లోపలి బ్యాటరీ పోయిందనీ, కరెంటు పోయినప్పుడల్లా తారీఖు వెనక్కి వెళ్లిపోతుందనీ బెన్నీ గొణిగాడు. ఆ లెక్కన ఫిలిప్ పదేళ్ల వయసులో ఈ పాట పాడి ఉండాలి. కంప్యూటరు తారీఖు ఎవరికీ పనికిరాదు.

పనికొచ్చేది ఇంకొకటుంది. మంగళవారం సాయంత్రమే బెన్నీ ఈ పాటని ఫిలిప్ ఫోనుకి పంపాడు. ఫిలిప్ వెంటనే అక్కకి పంపాడు, ఎలా ఉందో వినమని. అది రెబ్కా ఫోన్లో ఇంకా ఉంది.

"పంపింది మంగళవారం. పాడింది ఎప్పుడో మీకేం తెలుసు?" అన్నాడు జయరావు. నిజమే. అది నేనూ ఒప్పుకోవాల్సిందే.

"అసలు రికార్డింగు ఉందా బెన్నీ? ఏమీ కత్తిరించనిది?"

బెన్నీ ముఖం వేలాడిపోయింది. లేదు. పాట ఒక కొలిక్కి రాగానే అసలు రికార్డింగులు చెరిపేస్తాడు, హార్డ్ డిస్కులో చోటు చాలక. మిగిలినవి మూడు మిక్సులు. గొంతు, కీబోర్డు, తబలా, ఎకో, వీటిలో ఏది ఎంత వినపడాలో చూసి కలిపితే అదొక మిక్సు. మొదటిది మంగళవారం సాయంత్రం పంపిన చిత్తు మిక్సు. రెండోది దాన్నే శుభ్రం చేసి, జక్రయ్యగారి కోరస్ కలిపినది. మూడోది ఫైనల్.

మూడూ వరసగా వేయించాను. రెబ్కా ఫోన్లో ఉన్నదీ మొదటి మిక్సూ ఒకటేనని జయరావు చేతే ఒప్పించాను. ఆయనకి మూడోది బాగా నచ్చింది. మొదటిది నీరసంగా ఉందన్నాడు.

"మూడోదాంట్లో ఏం బాగుంది?"

"అంతా బాగుంది. గొంతు ఖంగుమంటోంది."

"సౌండు పెంచాడు కాబట్టి. మీరు మెచ్చుకుంటున్నది సౌండుని, పాటని కాదు," అన్నాను. "బెన్నీ, అన్నిటి సౌండూ సమానం చెయ్."

బెన్నీ నన్ను కొత్తగా చూశాడు. పాటలు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ గట్టిగా వినిపించేదే బాగుందంటారనీ, అందుకని తాను ప్రతి మిక్సుకీ కాస్త సౌండు పెంచి పంపుతాననీ సిగ్గుపడుతూ చెప్పాడు. పాస్టర్లు, గాయకులు, చివరికి వాళ్లమ్మ కూడా అంతే. సౌండు సమానం చేశాక మళ్లీ విన్నాం. ఈసారి తేడా జయరావుకి కూడా తెలియలేదు. నాకు మాత్రం మొదటి మిక్సులో, మూడో చరణంలో, లైనుకీ లైనుకీ మధ్య ఏదో మసగ్గా ఉన్నట్టు తోచింది. కీబోర్డు మోత దాన్ని కప్పేస్తోంది.

"మొదటిదానికీ రెండోదానికీ మధ్య తేడా ఏదుందో, అది ఒక్కటే వినిపించే వీలుందా?"

బెన్నీ కాసేపు ఆలోచించాడు. ఉందన్నాడు. రెండు మిక్సులనీ ఒకదాని కింద ఒకటి సరిగ్గా అమర్చి, అందులో ఒకదాన్ని తలకిందులు చేసి కలిపి వేస్తే, రెండింట్లో ఒకేలా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తేడా మాత్రం మిగులుతుంది. ఎప్పుడో నేర్చుకున్నాడట, ఇన్నాళ్లూ అవసరం పడలేదు.

అమర్చి, మీట నొక్కాడు. పల్లవి రావలసిన చోట నిశ్శబ్దం. మొదటి చరణం, రెండో చరణం, కోరస్ వచ్చే చోట్ల జక్రయ్యగారి గొంతు తప్ప ఏమీ లేదు. మూడో చరణంలో నిశ్శబ్దం మధ్యలోంచి ఎవరో దూరంగా, బావిలోంచి దగ్గినట్టు వినిపించింది. మళ్లీ దగ్గు. ఆ తర్వాత ఇంకో గొంతు దగ్గు.

రెబ్కా రెండడుగులు ముందుకొచ్చింది. "అది మా వాడి దగ్గు మేడమ్. చిన్నప్పట్నుంచీ అంతే, రెండుసార్లు దగ్గి గొంతు సవరించుకుంటాడు."

ఇంకోసారి వేశాం. రెండుసార్లు దగ్గు, ఆ వెనకే గొంతు సవరింపు. రెండోది తనదేనని బెన్నీ ఒప్పుకున్నాడు. అప్పుడు వాడికి అంతా గుర్తొచ్చింది. ఫిలిప్ మూడో చరణం పాడుతుండగా తలుపు సందులోంచి ఘాటు వచ్చింది. ఇద్దరూ దగ్గారు. పక్కింట్లో ఎవరో పోపు మాడ్చారనుకున్నారు. దేవుడి పాటలో దగ్గులేమిటని రికార్డింగులో ఆ ముక్కలన్నీ కత్తిరించేశాడు. కానీ ఎకో ముందే విడిగా ఇంకో ట్రాకులోకి వెళ్లింది. దగ్గు పోయింది, దాని ఎకో మొదటి మిక్సులో ఉండిపోయింది. రెండో మిక్సుకి దాన్నీ తుడిచేశాడు. పోలీసులకి ఇచ్చింది శుభ్రం చేసిన ఫైనల్. బాగున్నది ఇవ్వాలనుకున్నాడు పాపం.

"ఇంత తెలిసినవాడివి పోలీసులకి ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"దగ్గు సాక్ష్యమవుతుందని నాకేం తెలుసు మేడమ్," అన్నాడు.

జయరావు అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. లేచి గోడ దగ్గరికెళ్లి గోనెసంచి వాసన చూశాడు. "ఇవి మిర్చి సంచులు. ఈ గదిలో ఎవడు పాడినా దగ్గుతాడు."

మంచి మాటే. బెన్నీ చేత అంతకుముందు నెలలో చేసిన పాటలు, ఇంకా చెరపని రికార్డింగులు వేయించాను. ఆడవాళ్లు, పిల్లలు, ఒక ముసలి పాస్టరుగారు. ఎవరూ దగ్గలేదు. సంచులు కొన్నేళ్లుగా అక్కడే ఉన్నాయి.

"తర్వాత దగ్గి అతికించుకుని ఉండొచ్చు."

"అబద్ధపు సాక్ష్యం తయారుచేసేవాడు దాన్ని ఎవరికీ వినపడకుండా తయారుచేస్తాడా జయరావు గారూ? పైగా మంగళవారం సాయంత్రానికి ఫిలిప్ మీద ఎవరికీ అనుమానమే లేదు. ఒక్క సంగతి చెప్పండి. ఆ రోజు ఊళ్లోకి మిర్చి పొగ వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

"స్టేషన్లో. భోజనం చేసొచ్చి కూర్చున్నాను. ముఖానికి తడిగుడ్డ కట్టుకున్నా ఆగలేదు. చీకటి పడేదాకా ఊరంతా దగ్గుతూనే ఉంది. మా ఆవిడకి మర్నాటికి కూడా తగ్గలేదు."

"వాచ్‌మన్ రౌండుకెళ్లి వచ్చి అంతా బాగానే ఉందని రిజిస్టరులో రాశాడు. అరగంటలో పొగ లేచింది. నిప్పు పెట్టింది ఆ అరగంటలో అని రాసింది మీరే. ఇప్పుడు పాట చూడండి. పల్లవిలో ఘాటు లేదు. రెండు చరణాల్లోనూ లేదు. మూడో చరణంలో వచ్చింది. బెన్నీ లైను లైనుకీ పదిసార్లు పాడిస్తాడు, మూడో చరణానికి రావాలంటే గంటకి పైనే పడుతుంది. ఫిలిప్ నిప్పు పెట్టి వచ్చి పాడితే పల్లవి నుంచే దగ్గాలి. నిప్పు అంటుకునేప్పటికి వాడు ఈ మైకు ముందు నిలబడి ఉన్నాడు."

జయరావు వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఇంకోసారి వేయమని బెన్నీకి సైగ చేశాడు. విన్నాడు. టోపీ తీసి తొడమీద పెట్టుకున్నాడు. తర్వాత ఫోను తీసి స్టేషన్‌కి చేసి, ఫిలిప్‌ని కోర్టుకి తీసుకెళ్లొద్దనీ, సంతకం పెట్టించుకుని పంపేయమనీ చెప్పాడు. పంతం కోసం ఒక అమాయకుణ్ణి లోపల వేసే రకం కాదు. ఆ క్షణంలో ఆయన మీద నాకు నిజంగా గౌరవం కలిగింది, కానీ చెప్పలేదు.

రెబ్కా అక్కడే నేలమీద కూలబడిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ చేస్తోంది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నా గుండెల మీంచి కూడా పెద్ద బరువు దిగిపోయింది. ఈ వృత్తిలో నిజం కనుక్కోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది కానీ, అది ఒకరికి సంతోషం కలిగించేదిగా ఉండటం అరుదు. ఇంతలో జయరావుకి గుంటూరు నుంచి ఫోను. గురునాథం కళ్లు తెరిచాడు, ప్రాణాపాయం లేదు. బెన్నీ వాళ్లమ్మ లోపలినుంచి అందరికీ టీ తెచ్చింది. కొట్లాడుకున్నవాళ్లమే నేనూ జయరావూ ఒక ప్లేట్లోని జంతికలు పంచుకుని తిన్నాం.

జక్రయ్యగారు గుమ్మంలోకి వచ్చి సంగతంతా విన్నాడు. "దేవునికి స్తోత్రం" అని కళ్లు తుడుచుకున్నాడు. తానే వెళ్లి పిల్లాణ్ణి తీసుకొస్తానన్నాడు. రెబ్కాని కారెక్కించుకుని వెళ్లాడు. ఆవిడ కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది.

* * *

పని అయిపోయింది కాబట్టి నేనూ బయల్దేరవచ్చు. కానీ టీ ఇంకా వేడిగా ఉంది. బెన్నీ సంతోషం పట్టలేక ఆ తేడాని మళ్లీ మొదటినుంచి వేశాడు, తన స్నేహితుణ్ణి బయటికి తెచ్చిన దగ్గుల్ని వాళ్లమ్మకి వినిపించడానికి. నేను గ్లాసు పట్టుకుని ఊరికే వింటున్నాను.

జక్రయ్యగారి కోరస్ వచ్చింది. పాట నుంచి విడదీస్తే మనిషి గొంతు ఎంత స్పష్టంగా వినపడుతుందో. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. దీర్ఘాలు తీశాడు, ఒక్కచోట కూడా వణకలేదు. చివర్లో ఒక స్వరాన్ని నిలబెట్టి, నిదానంగా వదిలాడు. ఆ వయసులో అంత ఊపిరి ఉండటం గొప్పే అనుకున్నాను. ఆ వెంటనే టీ గ్లాసు కింద పెట్టేశాను.

"బెన్నీ, జక్రయ్యగారు పాడినదాంట్లో దగ్గులు ఎన్నిచోట్ల కత్తిరించావు?"

"ఆయనది కత్తిరించే పని పడలేదండి. ఒక్క దెబ్బకి పాడేశారు."

నేను జయరావు వంక చూశాను. ఆయన జంతిక నములుతూ ఆగిపోయాడు. చీకటి పడేదాకా ఊరంతా దగ్గుతూనే ఉందని చెప్పిన మనిషి ఆయనే. ఫిలిప్ మూడో చరణంలో ఘాటు మొదలైంది. ఫిలిప్ తర్వాత అదే గదిలో, అదే మైకు ముందు, ఘాటు ఇంకా ముదిరిన వేళ పాడిన మనిషి ఒక్కసారి కూడా దగ్గలేదు.

"ఆయన పాడింది మంగళవారం కాదు కదా," అన్నాను.

బెన్నీ వాళ్లమ్మ వంక చూశాడు, నేల వంక చూశాడు. చివరికి చెప్పాడు. జక్రయ్యగారు పాడింది గురువారం పొద్దున. మంగళవారం ఆయన ఆ ఛాయలకే రాలేదు. పోలీసులు ఫిలిప్ గురించి వాకబు చేస్తున్నారని తెలిశాక బెన్నీని పక్కకి పిలిచి, తాను కూడా ఇక్కడే ఉన్నానని చెబితే పిల్లాడికి బలంగా ఉంటుందన్నాడు. ఒక్కడి మాట నమ్మకపోయినా ఇద్దరి మాట నమ్ముతారన్నాడు.

"సంఘపెద్ద కదా మేడమ్. మా ఫిలిప్ కోసం ఆయనంతటివాడు ముందుకొస్తున్నాడని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. కాదనడానికి నోరెలా వస్తుంది?"

వాడి మీద కోపం తెచ్చుకోలేకపోయాను. పెద్దాయన ఫిలిప్ కోసమని ఆడించిన అబద్ధం ఫిలిప్‌కి అణుమాత్రం సాయపడలేదు. జక్రయ్య ఆ మధ్యాహ్నం ఎక్కడున్నాడని మాత్రం ఎవరూ అడక్కుండా చేసింది. నేనూ అడగలేదు. నన్ను ఈ కేసులోకి తెచ్చిన మనిషి గనక అడగాలని నాకు తోచలేదు. సిగ్గుగా అనిపించింది.

తాళంచెవి ప్రశ్నకి పాదాలు చూసుకున్న ఫిలిప్ గుర్తొచ్చాడు. ఎవరికోసం అబద్ధమాడుతున్నాడో ఇప్పుడు తెలిసింది. ఉద్యోగం ఇప్పించిన పెద్దాయన గది చూసొస్తానని తాళంచెవి అడిగితే వాడు ఇవ్వకుండా ఉండడు. ఇచ్చినట్టు చెప్పొద్దంటే ప్రాణం పోయినా చెప్పడు.

జయరావు అప్పటికే స్టేషన్‌కి ఫోను కలిపాడు. స్పీకర్లో పెట్టాడు. అవతల స్టేషన్లో రాతకోతలు చూసే రైటరు ఎత్తాడు.

"ఫిలిప్ ఉన్నాడా?"

"ఇప్పుడే పంపేశాం సార్. జక్రయ్యగారు వచ్చారు. టీచరమ్మని ఆటో ఎక్కించి ఇంటికి పంపారు, వంట చేసి ఉంచమ్మా అని. పిల్లాణ్ణి ముందు చర్చిలో ప్రార్థన చేయించి తీసుకొస్తానని కారులో ఎక్కించుకున్నారు."

జయరావు టోపీ అందుకుంటున్నాడు. నేను తలుపు దగ్గరికి చేరాను. అవతలినుంచి రైటరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఆ కుర్రాడు వెళ్తూ వెళ్తూ తాళంచెవి సంగతి మీతో ఒకటి చెప్పాలన్నాడు సార్. ఇప్పుడే చెప్పమన్నాను. కాదు, ముందు జక్రయ్యగారిని ఒక మాట అడిగి అప్పుడు చెప్తానన్నాడు."